ముందు నమ్మండి, తర్వాత వెతకండి

ఆధారం చూపిస్తే నమ్ముతామనేవాళ్ళు అమెరికాలో కోకొల్లలు. వాళ్ళలో ఒక్కరు కూడా నవంబరు వానలో, అర్ధరాత్రి దాటాక, వాషింగ్టన్ రాష్ట్రంలోని గిఫర్డ్ పించో అడవిలో వాగు పక్కన కూర్చోరు. అలా కూర్చోవాలంటే బిగ్‌ఫుట్, అంటే మనిషిలా నడిచే ఆ పెద్ద బొచ్చు జీవి, ఉందన్న నమ్మకం కావాలి. సియాటిల్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటూ, శనాదివారాలు కాస్కేడ్ కొండల్లో తిరిగే మన కుర్రాళ్ళు కొందరు నన్ను అడుగుతుంటారు: "అన్నా, మేమూ బిగ్‌ఫుట్ మీద గట్టిగా పనిచేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఈ సలహాల్లో చాలావరకు మీ ఇంట్లోవాళ్ళకు, మీ మేనేజరుకు, జంతుశాస్త్రం చదివిన మీ మిత్రుడికి తలకిందులుగా కనిపిస్తాయి. అయినా సరే, బాగా ఆలోచించి, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

1. రుజువు కోసం ఆగకండి

ముందు ఆధారం, ఆపైన నమ్మకం. అందరూ చెప్పే వరస ఇదే. మన పనికి ఈ వరస సరిపడదు. 1958లో బిగ్‌ఫుట్ అన్న పేరు పత్రికలకెక్కింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క కళేబరం దొరకలేదు. ఎముక లేదు, పన్ను లేదు. హైవేల మీద కార్ల కింద జింకలు, ఎలుగుబంట్లు పడుతూనే ఉన్నాయి, బిగ్‌ఫుట్ మాత్రం ఎన్నడూ పడలేదు. వేటగాళ్ళు చెట్లకు కట్టిన ట్రెయిల్ కెమెరాల్లో అడవిలోని జంతువులన్నీ పడుతున్నాయి. ఎవరూ వంక పెట్టలేని బిగ్‌ఫుట్ ఫొటో ఒక్కటీ రాలేదు. ఈ లెక్కంతా చూసుకున్నాక బయల్దేరదాం అనుకునేవాడు ఇల్లు కదలడు. నేను ఉందనే నమ్ముతాను. నమ్మాను కాబట్టే వెతుకుతున్నాను.

మన కడప జిల్లా కలివికోడి సంగతి తెలిసినవాళ్ళకు ఈ మొండితనం అర్థమవుతుంది. 1900 తర్వాత ఆ పిట్ట ఎవరి రికార్డులోనూ లేదు. అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి వాకబు చేశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దాన్ని ప్రాణంతో పట్టుకున్నాడు. ఆ పిట్ట కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది. అయితే ఒక తేడా ఉంది. కలివికోడి నమూనాలు అంతకుముందే మ్యూజియాల్లో ఉన్నాయి. మనకు ఆపాటి ఆసరా కూడా లేదు. అందుకే మన నమ్మకం ఇంకా గట్టిగా ఉండాలంటాను. నవ్విన నాపచేనే పండుతుంది.

ఒక్క షరతు. ఎక్కడికి వెళ్ళాలో, ఎంతసేపు ఉండాలో మీ నమ్మకం చెప్పొచ్చు. నోటు పుస్తకంలో ఏం రాయాలో మాత్రం అది చెప్పకూడదు. మిగతా సలహాలన్నీ ఈ షరతు మీదే నిలబడతాయి.

2. దొంగ పాదాలతో చదువు మొదలుపెట్టండి

కొత్తవాళ్ళు మంచి ఆధారాల దగ్గర మొదలుపెడతారు. మీరు మోసాల దగ్గర మొదలుపెట్టండి. 1958లో ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర అడవి రోడ్డు వేస్తుంటే, జెర్రీ క్రూ అనే బుల్డోజర్ డ్రైవరుకు 16 అంగుళాల అడుగులు కనిపించాయి. అచ్చు తీసుకుని పత్రికకు ఇచ్చాడు. హంబోల్ట్ టైమ్స్ ఆ కథ వేశాక దేశమంతా పాకింది. ఆ రోడ్డు కాంట్రాక్టరు రే వాలెస్. 2002లో ఆయన చనిపోయాక, ఆయన వాడినవంటూ చెక్కతో చెక్కిన పెద్ద పాదాలను కుటుంబసభ్యులు బయటపెట్టారు. మన రంగానికి పేరు పెట్టిన సంఘటన మీదే ఈ నీడ ఉంది. దాన్ని దాటేసి వెళ్ళకండి. అక్కడే కూర్చుని నేర్చుకోండి.

ఒక చెక్క కొని మీరే పాదం చెక్కండి. మీ సొంత పెరట్లో, తడి మట్టిలో, దాన్ని కట్టుకుని నడవండి. రెండు విషయాలు తెలుస్తాయి. చెక్క పాదం వేళ్ళు కదలవు, కాబట్టి ఎత్తు ఎక్కినా, దిగినా, తిరిగినా ప్రతి అడుగూ ఒకే అచ్చుగా పడుతుంది. అరికాలు మొత్తం ఒకే లోతున దిగుతుంది. నిజమైన పాదం మడమతో దిగి వేళ్ళతో నెట్టుకుంటుంది, వెనక కొంచెం మట్టి తన్నుకొస్తుంది. ఈ తేడా చేతికి తెలిశాక మిమ్మల్ని మోసం చేయడం కష్టం. చెక్కిన పాదాలను మాత్రం పెరడు దాటించొద్దు. అడవిలో సరదాకు వేసిన ఒక్క అడుగు ఇంకొకరి ఏడాది కష్టాన్ని పాడుచేస్తుంది.

2008 ఆగస్టు కథ కూడా చదవండి. జార్జియాలో ఇద్దరు బిగ్‌ఫుట్ శవం దొరికిందని ప్రకటించి, మంచులో పెట్టిన పెట్టె చూపించి, విలేకరుల సమావేశం పెట్టించారు. మంచు కరిగాక రబ్బరు వేషం బయటపడింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు మన రంగంలో ఎప్పుడూ ఉంటారు. వాళ్ళ పద్ధతులు మీకు కంఠతా రావాలి.

3. రెండేళ్ళు ఎలుగుబంటిని చదవండి

బిగ్‌ఫుట్ పరిశోధకుడు కావాలంటే ముందు బిగ్‌ఫుట్‌ను పక్కన పెట్టాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో నల్ల ఎలుగుబంట్లు సుమారు 20,000 ఉన్నాయి. మీకు కనిపించబోయే వింతల్లో ఎక్కువ భాగం వాటి పనే. 2024లో జర్నల్ ఆఫ్ జువాలజీలో ఫ్లో ఫాక్సన్ ఒక పరిశోధన ప్రచురించారు. జనాభా, అడవి విస్తీర్ణం రెండింటినీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, నల్ల ఎలుగుబంట్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనే బిగ్‌ఫుట్ చూశామన్న నివేదికలూ ఎక్కువ అని అందులో తేలింది. నమ్మేవాళ్ళకు ఇది చేదు మాటే, ఒప్పుకుంటాను. అందుకే ముందుగా మింగమంటున్నాను.

ఎలుగు వెనక పాదాన్ని దగ్గరగా చూడండి. అయిదు వేళ్ళుంటాయి, మడమ ఉంటుంది, ముందుకు సాగిన అరికాలుంటుంది. అంతవరకు మనిషిదే అనిపిస్తుంది. కానీ మనకు బొటనవేలు లోపలివైపు ఉంటే, ఎలుగుకు పెద్ద వేలు బయటివైపు ఉంటుంది. గోళ్ళ గుర్తులు వేళ్ళకు ముందు చిన్న గుంటల్లా పడతాయి, గట్టి నేల మీద అసలు పడకపోవచ్చు కూడా. ఎలుగు నడిచేటప్పుడు వెనక పాదం ముందుపాదం గుర్తు మీద కొంచెం తప్పి పడుతుంది. రెండూ కలిసి ఒకే పొడవాటి పాదంలా కనిపిస్తాయి. ఆ జంట గుర్తులో రెండో మడమ గీత ఎక్కడుందో వెతికి పట్టుకోవడం వచ్చినరోజు మీ చదువు సగం పూర్తయినట్టు.

ఇంకోటి, గజ్జి పట్టి బొచ్చు రాలిన ఎలుగు. 2007లో పెన్సిల్వేనియాలో ఒక ట్రెయిల్ కెమెరాకు చిక్కిన బక్కపలచటి ఆకారాన్ని చూసి మనవాళ్ళు సంబరపడ్డారు. అది గజ్జి సోకిన ఎలుగేనని ఆ రాష్ట్ర గేమ్ కమిషన్ చెప్పింది. అలాంటి ఎలుగుల ఫొటోలు వెతికి చూసి, కళ్ళకు అలవాటు చేసుకోండి.

4. పేరున్న చోట్లు వదిలేయండి

కాలిఫోర్నియాలోని విల్లో క్రీక్ మ్యూజియానికి ఒకసారి వెళ్ళండి. ఆరెగన్‌లోని బోరింగ్ పట్టణంలో క్లిఫ్ బారక్‌మన్ నడిపే నార్త్ అమెరికన్ బిగ్‌ఫుట్ సెంటర్‌కు కూడా వెళ్ళి, అచ్చులను దగ్గరగా చూడండి. ఆ తర్వాత యాత్రలు చాలించండి. మీ ఇంటికి గంట, గంటన్నర దూరంలో ఒక వాగు ఎంచుకోండి. అక్కడ ఎవరూ ఏమీ చూడకపోయినా పరవాలేదు. పదేళ్ళు ఆ ఒక్క వాగు దగ్గరికే వెళ్ళండి.

నివేదిక వచ్చిన చోటికల్లా పరుగెత్తేవాడికి ఏ చోటూ అర్థం కాదు. వానకు అక్కడ మట్టి ఎలా జారుతుందో, ఎల్క్ అనే పెద్ద దుప్పుల మంద ఏ నెలలో దిగుతుందో, పక్కనున్న లాగింగ్ రోడ్డులో లారీలు ఎన్నింటికి పోతాయో తెలిసినవాడికే, ఏదైనా కొత్తది జరిగితే కొత్తదని తెలుస్తుంది. ఇల్లు కొనేటప్పుడు కూడా ఇదే చూడండి. అందరూ స్కూలు రేటింగు చూసి కొంటారు. మీరు అడవికి ఎంత దూరమో చూసి కొనండి. పిల్లలకు మీరే పక్కన కూర్చుని లెక్కలు చెప్పుకోవచ్చు. అడవిని మాత్రం దగ్గరికి తెచ్చుకోలేరు.

5. మంచి కెమెరా కంటే మంచి పుస్తకం ముఖ్యం

1967 అక్టోబర్ 20న బ్లఫ్ క్రీక్‌లో రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ తీసిన ఫిల్ము చూడనివాళ్ళు ఉండరు. బొచ్చున్న ఒక ఆకారం వాగు పక్కన నడిచిపోయే నిమిషం పాటి ఫిల్ము. 352వ ఫ్రేములో ఆ ఆకారం వెనక్కి తిరిగి చూస్తుంది. తర్వాత బాబ్ హైరోనిమస్ అనే ఆయన ఆ వేషం వేసింది తానేనని చెప్పారు. గిమ్లిన్ ఒప్పుకోలేదు. ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒకటి మాత్రం ఎంతో చిన్నది. ఆ అద్దె కెమెరా సెకనుకు ఎన్ని ఫ్రేముల వేగంతో తిరిగిందో నమ్మకంగా తెలియదు. సెకనుకు 24 అనుకుంటే నడక మామూలు మనిషి నడకకు దగ్గరగా ఉంటుంది. 16 అనుకుంటే మనిషి నడకకు దూరంగా జరుగుతుంది. ఒక్క అంకె రాసి ఉంటే అర్ధశతాబ్దపు వాదనలో కొంతైనా తెగి ఉండేది.

అందుకని ముందు వాన తట్టుకునే నోటు పుస్తకం, పెన్సిలు కొనండి. తారీఖు, సమయం, చోటు, వాతావరణం, గాలి దిశ, చంద్రుడు, కెమెరా సెట్టింగులు, మీతో ఎవరున్నారు, ఎంతసేపు ఉన్నారు, ఏం విన్నారు, ఏం చూశారు, అన్నీ రాయండి. అక్కడికక్కడే రాయండి. ఇంటికొచ్చి రాస్తే గోరంతలు కొండంతలవుతాయి.

ఏమీ కనబడని రోజు కూడా పేజీ నింపాల్సిందే. అది అన్నిటికంటే విలువైన పేజీ. అడుగు కనిపించిన రోజుల లెక్క ఎవరైనా దాచుకుంటారు. ఎన్ని రోజులు కనిపించలేదో తెలియకపోతే ఆ లెక్కకు అర్థం లేదు. ఖాళీ రోజుల పేజీలు మీ దగ్గర దొంతరగా ఉంటే మీరు పరిశోధకులు. లేకపోతే అదృష్టాన్ని నమ్ముకున్న యాత్రికులు.

6. అచ్చు పోయడంలో తొందర వద్దు

అడుగు కనబడగానే చాలామంది ప్లాస్టర్ కలపడం మొదలెడతారు. ముందు ఫొటోలు తీయండి. పక్కన కొలబద్ద పెట్టి నిలువుగా పైనుంచి ఒకటి, ఆపైన టార్చి నేలకు ఆనించినట్టు పట్టుకుని నాలుగు వైపుల నుంచి నాలుగు. ఏటవాలు వెలుతురులోనే లోతు తెలుస్తుంది. తర్వాత అడుగుకు అడుగుకు మధ్య దూరం కొలవండి. ఒకే ఒక్క అడుగు ఉంటే దాని విలువ తక్కువ, వరస దొరికితే విలువ ఎక్కువ. ఆకులు, పుల్లలు చేత్తో పీకకండి, అంచు విరుగుతుంది.

డెంటల్ స్టోన్ అయితే మేలు, లేకపోతే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. దోసెల పిండి జారులో కలపండి. అడుగు మధ్యలో గుమ్మరిస్తే మట్టి చెదురుతుంది, కాబట్టి అంచు మీద గరిటె అడ్డుపెట్టి నెమ్మదిగా లోపలికి జారనివ్వండి. కనీసం ముప్పావు గంట కదిలించకండి. చుట్టూ మట్టి తవ్వి, అడుగున చెయ్యి పోనిచ్చి మొత్తంగా ఎత్తండి. రెండు రోజులు ఆరనిచ్చాకే కడగండి.

ఇక గీతల సంగతి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ మానవశాస్త్రవేత్త గ్రోవర్ క్రాంట్జ్ కొన్ని అచ్చుల్లో వేలిముద్రల్లాంటి చర్మరేఖలు చూశారు. ఉద్యోగంలో ఎన్ని ఇబ్బందులొచ్చినా ఆ మాట మీదే నిలబడ్డారు. తర్వాత మాట్ క్రౌలీ ప్రయోగాలు చేసి చూపించారు. పొడి, మెత్తటి మట్టిలో ప్లాస్టర్ పోస్తే మట్టి నీళ్ళను పీల్చుకుంటుంది, అచ్చు అంచుల్లో అచ్చం అలాంటి గీతలే పుడతాయి. మీరూ చేసి చూడండి. మీ వాగు మట్టిలోనే చేత్తో ఒక గుంట నొక్కి, ప్లాస్టర్ పోసి, గీతలొస్తాయో రావో చూసుకోండి. మీ మట్టి ఏం చేయగలదో తెలియకుండా మీ అచ్చు గురించి మాట్లాడకండి. నా అభిప్రాయంలో క్రాంట్జ్ ధైర్యం, క్రౌలీ పరీక్ష, రెండూ ఒకే మనిషిలో ఉండాలి.

స్కూకమ్ అచ్చు కథలోనూ ఇదే పాఠం ఉంది. 2000 సెప్టెంబరులో గిఫర్డ్ పించో అడవిలో బురద మీద పండ్లు పెట్టి తెల్లారాక చూస్తే, ఏదో పెద్ద జంతువు పక్కకు ఒరిగిన ముద్ర కనిపించింది. మనవాళ్ళు బిగ్‌ఫుట్ అన్నారు. ఎల్క్ పడుకున్న చోటని మరికొందరు వివరంగా వాదించారు. ఎల్క్ ఎలా పడుకుంటుందో, ఎలా లేస్తుందో మీ కళ్ళతో చూడనంతవరకు ఏ పక్షమూ తీసుకోకండి.

7. చెట్లు కొట్టకండి, కేకలు వేయకండి

టీవీలో ఫైండింగ్ బిగ్‌ఫుట్ బృందం కట్టెతో చెట్టును కొట్టి, గట్టిగా అరిచి, జవాబు కోసం చూసేది. 2011లో మొదలైన ఆ కార్యక్రమం చూసి ఎంతోమంది అదే పద్ధతి పట్టుకున్నారు. మీరు మాత్రం మౌనంగా కూర్చోండి. మీరు కొడితే ఎదుటి కొండ మీద క్యాంపు వేసుకున్న ఇంకో పరిశోధకుడు జవాబు కొడతాడు. ఇద్దరూ ఇంటికెళ్ళి జవాబొచ్చిందనే రాసుకుంటారు.

అడవి గొంతులు ముందు నేర్చుకోండి. బార్డ్ గుడ్లగూబల జంట పోట్లాడుకుంటే కోతుల మంద అరిచినట్టే ఉంటుంది. ఎర్రనక్క అరుపు ఆడమనిషి కేకలా ఉంటుంది. సెప్టెంబరులో మగ ఎల్క్ కూత కొండంతా మోగుతుంది. కయోటీలు రెండే ఉన్నా పదున్నట్టు వినిపిస్తాయి. ఇవన్నీ చీకట్లో విని పేరు చెప్పగలిగాక, రాత్రంతా నడిచే ఆడియో రికార్డరు వాగు దగ్గర పెట్టండి. ఎండిన కొమ్మ విరగడానికీ, చెట్టును కొట్టడానికీ తేడా రికార్డింగులో తేల్చడం చాలా కష్టమని అప్పుడు మీకే తెలుస్తుంది.

8. సాక్షిని బిగ్‌ఫుట్ గురించి అడగకండి

1995లో మొదలైన బిగ్‌ఫుట్ ఫీల్డ్ రిసెర్చర్స్ ఆర్గనైజేషన్ వేల నివేదికలను కౌంటీల వారీగా పేర్చింది. స్పష్టంగా చూసినవి ఏ తరగతి, మసక వెలుతురులో చూసినవి, విన్నవి బీ తరగతి, ఒకరి నోట ఒకరు విన్నవి సీ తరగతి. వాషింగ్టన్‌దే నివేదికల్లో మొదటి స్థానం. ఆ నివేదికలు చదవండి. సాక్షి దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం బిగ్‌ఫుట్ పేరే ఎత్తకండి. "ఆ రోజు ఏం జరిగింది, మొదటి నుంచి చెప్పండి" అనండి. ఎత్తు ఎంత అని అడగకండి, అక్కడికే తీసుకెళ్ళి కొమ్మలో ఎంతవరకు వచ్చిందో చూపించమనండి, టేపు పెట్టి కొలవండి. వెలుతురు ఎటు నుంచి, కారు వేగం ఎంత, ఎన్ని సెకన్లు, కళ్ళద్దాలు పెట్టుకున్నారా, అన్నీ అడగండి. ఆ మనిషిని నమ్మండి. ఆయన చూసినదానికి పేరు పెట్టే పని మాత్రం వాయిదా వేయండి.

ఈ నేల మూలవాసి తెగల దగ్గర ఇంకా ఒద్దికగా ఉండాలి. కాలిఫోర్నియాలో టూల్ రివర్ రిజర్వేషన్‌లో ఒక రాతి మీద బొచ్చు మనిషి బొమ్మ ఉంది, ఆ తెగ పుట్టుక కథలోనే ఆయనకు చోటుంది. దాన్ని మన వాదనకు సాక్ష్యంగా లాక్కోవడం మర్యాద కాదు. వాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ భూమిలో కాలు పెట్టకండి. చెప్పిన కథ వినండి, చెప్పని కథ అడగకండి.

9. ల్యాబు ఎలుగని చెబితే ఎలుగనే రాయండి

ఆరెగన్‌లో బిగ్‌ఫుట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నడిపిన పీటర్ బర్న్ 1976లో ఎఫ్‌బీఐకి ఉత్తరం రాసి, ఏ జంతువువో తేలని కొన్ని వెంట్రుకలు పరీక్షకు పంపారు. వాళ్ళు నిజంగానే పరీక్షించారు. జింక జాతివని 1977లో తేల్చారు. ఆ కాగితాలు 2019లో ఎఫ్‌బీఐ ప్రజల ముందు పెట్టింది. 2014లో ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ బృందం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన వెంట్రుకల్లో 30 నమూనాల డీఎన్‌ఏ చదివింది. అమెరికా నుంచి వెళ్ళినవి ఎలుగు, ఆవు, గుర్రం, రకూన్, ముళ్ళపంది, జింక లాంటివిగా తేలాయి. కొత్త వానర జాతి ఒక్కటీ లేదు.

అయినా పంపండి. మళ్ళీ మళ్ళీ పంపండి. గ్లవ్స్ వేసుకుని పట్టకారుతో తీయండి, కాగితపు కవరులో పెట్టండి, ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి పాడవుతుంది. కవరు మీద తారీఖు, చోటు, మీ సంతకం ఉండాలి. పోల్చడానికి మీ సొంత వెంట్రుక, మీ కుక్క వెంట్రుక కూడా విడిగా పంపండి. ఫలితం మీకు నచ్చకపోతే ల్యాబును తిట్టకండి. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మొండితనం అడవికి వెళ్ళడంలో చూపించండి, ఫలితం చదవడంలో వద్దు.

వాగు నీళ్ళలోనూ జాడలు ఉంటాయి. నీళ్ళు తాగిన, దాటిన జంతువుల డీఎన్‌ఏ కొద్దిసేపు నీటిలో మిగులుతుంది. 2018లో ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ గెమెల్ బృందం స్కాట్లండ్‌లోని లాక్ నెస్ నీళ్ళను ఇలాగే పరీక్షించింది. పెద్ద సరీసృపం ఆనవాలు లేదు, ఈల్ చేపల ఆనవాళ్ళు మాత్రం ఎక్కడ పడితే అక్కడ దొరికాయి. మీ వాగు మీద ఈ పరీక్షకు డబ్బు పెట్టండి. ఏడాదికోసారి చేయించినా మంచిదే.

10. తుపాకీ ముట్టకండి

ఒక శవం తెస్తే వాదన ముగుస్తుందనేవాళ్ళు మనలోనే ఉన్నారు. క్రాంట్జ్ కూడా అలాగే అనేవారు. ఈ ఒక్క విషయంలో ఆయన్ను అనుసరించకండి. వాషింగ్టన్‌లోని స్కమేనియా కౌంటీ 1969 ఏప్రిల్ 1న ఒక ఆర్డినెన్సు చేసింది: బిగ్‌ఫుట్‌ను చంపితే 10,000 డాలర్ల జరిమానా, అయిదేళ్ళ జైలు. 1984లో దాన్ని సవరించారు. తారీఖు చూసి కొందరు నవ్వుతారు. అడవిలో చీకట్లో నిలబడ్డ ఆకారం మనిషి అయితే ఏం గతి అన్న భయం మాత్రం నవ్వులాట కాదు. 2018 డిసెంబరులో మోంటానాలో ఒకాయన, బిగ్‌ఫుట్ అనుకుని తన మీద ఎవరో కాల్పులు జరిపారని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. 2012లో అదే రాష్ట్రంలో బిగ్‌ఫుట్‌లా కనిపించాలని వేషం వేసుకుని హైవే మీద నిలబడ్డ మనిషి కార్ల కింద పడి చనిపోయాడు. వాషింగ్టన్‌లో ఆగస్టు నుంచి నవంబరు వరకు ఎలుగు వేట కాలం, అప్పుడు నారింజ రంగు చొక్కా లేకుండా కారు దిగకండి.

బోను కూడా వద్దు. ఆరెగన్‌లో యాపిల్‌గేట్ లేక్ దగ్గర 1974లో కట్టిన బిగ్‌ఫుట్ బోను ఇప్పటికీ ఉంది. పనిచేసిన ఏళ్ళలో దాంట్లో పడ్డవన్నీ ఎలుగులే.

చలిని మాత్రం అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోండి. 2024 క్రిస్మస్ సమయంలో పోర్ట్‌లాండ్ నుంచి ఇద్దరు బిగ్‌ఫుట్‌ను వెతకడానికి గిఫర్డ్ పించోకు వెళ్ళి తిరిగి రాలేదు. మూడు రోజుల గాలింపు తర్వాత శవాలు దొరికాయి. చలికి, తగిన సామాను లేకపోవడానికి బలయ్యారని షెరిఫ్ కార్యాలయం చెప్పింది. మనలాంటి మనసున్నవాళ్ళే వాళ్ళు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి. శాటిలైట్ మెసెంజర్, ఉన్ని దుస్తులు, మార్చుకోవడానికి పొడి బట్టలు, అగ్గిపెట్టె, బేర్ స్ప్రే లేకుండా అడుగు ముందుకు వేయకండి. ఫారెస్టు పాస్ కొనండి. నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా వెంట్రుకో, ఎముకో తీసుకోవడం నేరం. వీసా మీద ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

11. గడువు పెట్టుకోకండి, సందేహించేవాణ్ణి వదులుకోకండి

"అయిదేళ్ళు చూస్తాను, దొరక్కపోతే మానేస్తాను" అని మొదలుపెట్టేవాళ్ళను మా బృందంలోకి రమ్మనను. గడువు దగ్గరపడే కొద్దీ మనసు ప్రతి పుల్లలోనూ ఆధారం చూస్తుంది. ఎప్పటికీ కనబడకపోవచ్చని మొదటిరోజే ఒప్పుకున్నవాడికి ఆ తొందర ఉండదు. జీవితాంతం వెతికి ఏమీ చూడకుండా పోవడానికి సిద్ధపడండి. నేను సిద్ధపడ్డాను. దాన్ని వృథా అని నేను అనుకోను.

మీ భార్యో భర్తో నమ్మకపోతే ఒప్పించడానికి ప్రయత్నించకండి. మీ పుస్తకం మొదట వాళ్ళకే చదివి వినిపించండి. "ఇది ఎల్క్ కాదని ఎలా చెప్పగలవు?" అని ఇంట్లో ఒకరు అడుగుతుంటే బయట ఎవరి ముందూ తలదించుకోవాల్సిన పని రాదు. బృందంలో కూడా ముగ్గురు నమ్మేవాళ్ళకు ఒక నమ్మనివాడు ఉండి తీరాలి. అతని సంతకం లేని పేజీని ఎవరికీ చూపించకండి. సెలవులు మాత్రం ఇండియా ప్రయాణానికి కొన్ని మిగుల్చుకోండి. అమ్మానాన్నలు ఏ వాగు కంటే తక్కువ కాదు.

12. మొదటి ఏడాదే వారసుణ్ణి చూసుకోండి

క్రాంట్జ్ 2002లో పోయారు. తన శరీరాన్ని, తను పెంచుకున్న వుల్ఫ్‌హౌండ్ కుక్కల ఎముకలతో సహా స్మిత్‌సోనియన్‌కు ఇచ్చేశారు. 2009లో వాషింగ్టన్ నగరంలోని ప్రదర్శనలో ఆయన అస్థిపంజరాన్ని, ఒక కుక్క అస్థిపంజరంతో పాటు నిలబెట్టారు. నమూనా లేకపోతే శాస్త్రం ముందుకు కదలదని నమ్మిన మనిషి తనే నమూనాగా మిగిలారు. మనం అంతదూరం వెళ్ళక్కర్లేదు, కానీ మన పుస్తకాలు గరాజులో చెదలు పట్టకూడదు.

ప్రతి డిసెంబరులో ఆ ఏడాది పేజీలన్నీ స్కాన్ చేసి, కెమెరా కార్డులు, ఆడియోలు, ల్యాబు కాగితాలు ఒక డ్రైవులో పెట్టి, ఒక కాపీ మీకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళకు ఇవ్వండి. ఇంకో కాపీ మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖలో ఎలుగులు, ఎల్క్‌ల మీద పనిచేసేవాళ్ళకు ఇస్తామని చెప్పండి. పదేళ్ళపాటు ఒకే వాగు మీద, ఖాళీ రోజులతో సహా రాసిన రికార్డు వాళ్ళకు పనికొస్తుంది. బిగ్‌ఫుట్ ఉందని తేలినరోజు ఆ పేజీలు మొదటి ఆధారాల్లో చేరతాయి. లేదని తేలితే, ఎంత వెతికాక లేదన్నారో చెప్పేవి కూడా అవే. నేను మొదటిదే జరుగుతుందని నమ్ముతూ రెండింటికీ సరిపోయేలా రాస్తున్నాను. మీరూ అలాగే రాయండి. ఈ శనివారమే ఒక వాగు ఎంచుకుని మొదటి పేజీ మొదలుపెట్టండి.